మూడో కుట్టు

మిగతా కుక్కలకి బొచ్చు తిరిగొస్తుంది.
రెండు నెలలు తిరిగేసరికి నా చేతి తప్పులన్నీ
గడ్డి మొలిచిన గట్టులా కప్పడిపోతాయి.
మోరాకి ఆ వీలు లేదు.
పుట్టినప్పుడే లేదు, దాని తల్లికీ లేదు.
నడినెత్తిన నాలుగు వెంట్రుకలు, తోక కొసన రెండు,
మిగిలిందంతా నేరేడుపండు తోలు.

వాంచాకో రేవులో గాలం మింగింది,
చేపతలతో సహా.
ఫిదెన్సియో ఉన్నిచొక్కాలో చుట్టి తెచ్చాడు.
దాని నోట్లోంచి గాలపు దారం
ఒంటి మీసంలా వేలాడుతోంది.
నేను ఉద్యోగంలో చేరి పదకొండో రోజు.
పెద్ద డాక్టరు త్రుహియోలో ఎవరి పెళ్లికో వెళ్లాడు.

గాలం దొరికింది.
పొట్ట కుట్టాను, కండ కుట్టాను,
ఇక చర్మమే కదా అనుకునేసరికి
చెయ్యి వణికింది.
మూడో కుట్టు పక్కకి పోయింది.
విప్పి మళ్లీ వెయ్యడానికి ధైర్యం చాల్లేదు,
మత్తు వదులుతోంది దానికి,
నాకూ.

పన్నెండో రోజు దారాలు తీశాను.
గులాబీరంగు గీత, తడి వానపాములా మెరుస్తూ,
మధ్యలో ఒక మెలిక.
ఫిదెన్సియో తల పక్కకి వాల్చి చూశాడు.
"వలలు అల్లేవాణ్ణి డాక్టరమ్మా,
ముడి తెలుస్తుంది నాకు."
అంతే అన్నాడు. డబ్బులిచ్చాడు,
కాగితంలో చుట్టి రెండు చేపలిచ్చాడు.

చొక్కా కిందో బొచ్చు కిందో దాగే మచ్చ కాదు.
పైగా మోరాకి వెల్లకిలా పడుకోవడం అలవాటు,
రేవు మెట్ల మీద, నాలుగు కాళ్లూ ఆకాశానికి చాపి.
ఊరంతా నా చేతిరాత చదివింది.
సెవిచే అమ్మే దోమితిలా నిమ్మకాయ కోస్తూ కోస్తూ
"మా పిల్ల పెళ్లిగౌను మాత్రం నీకివ్వను" అంది.
నేను వెనకవీధి గుండా నడవడం మొదలుపెట్టాను.

ఎండ తగలనివ్వొద్దని చెప్పి ఉన్నాను,
లేత మచ్చ కమిలిపోతుందని.
ఫిదెన్సియో మనవడి పాత ఫుట్‌బాల్ బనీను కత్తిరించి
దానికి తొడిగాడు.
పొట్ట మీద తలకిందులుగా తొమ్మిది.
వారానికోసారి అది పళ్లతో పీకి పారేసేది,
వారానికోసారి ఆయన కొత్త ముడి వేసేవాడు.

మూడో నెలలో గీత ఉబ్బి గట్టిపడింది,
వంకాయ తొడిమ రంగులో.
నాకు నిద్రపట్టలేదు.
అయిదో నెలలో మెత్తబడింది, పల్చబడింది.
తర్వాత రంగు రావడం మొదలైంది.
ఎవరూ పుయ్యలేదు.
రెండు అంచుల నుంచీ లోపలికి,
ఆవగింజ ఆవగింజగా నలుపు,
పోటు వేళ ఇసుక తడిసినట్టు.
మెలిక దగ్గర మాత్రం ఆగింది,
అటు వెళ్లాలా వద్దా అన్నట్టు.

ఈలోగా నూటపద్నాలుగు జంతువుల్ని కోశాను.
వాటి మచ్చలెలా మానాయో నాకు తెలీదు.
అందరూ బాగా కుడతావంటారు.
బొచ్చు చెప్పిన సాక్ష్యం అది.

మళ్లీ జూలై. సముద్రం మీంచి మంచుతుంపర,
పది అడుగుల అవతల పడవలు కనబడవు.
ఈసారి రేవు దారినే వెళ్లాను.
ఫిదెన్సియో గుమ్మంలో కూర్చున్నాడు,
కీళ్లనొప్పికి మోరాని మోకాలి మీద బోర్లా వేసుకుని.
ఇక్కడివాళ్లకి వేడినీళ్ల సంచీ కంటే
దీని ఒంటి మీద నమ్మకం ఎక్కువ.

తిప్పి చూపించాడు.
వంగి చూశాను. దీపం తెప్పించుకుని చూశాను.
నలుపు, నలుపు, ఒక పుట్టుమచ్చ, నలుపు.
"పోయిందే!" అన్నాను.
నా గొంతులో సంతోషం లేదని
నాకే వినబడింది.

"కళ్లకి పోయింది" అన్నాడు.
"నా మోకాలికి తెలుసు.
రోజూ అక్కడే ఆనుతుంది."
నా వేలు పట్టుకుని, చీకట్లో వల వెతికేవాడిలా,
పక్కటెముక దాటించి, కొంచెం కిందికి,
కొంచెం ఎడమకి...

ఉంది.
గసగసమంత గట్టిదనం.

మోరాకి చక్కిలిగింత పుట్టింది.
వెనక కాలు గాలిలో
కనబడని సైకిలేదో తొక్కింది.